నాన్న నిద్రకు కాపలా

తలుపు తాళం తీసేటప్పుడు పిచ్చుక ఊపిరి బిగబట్టింది.

గుత్తిలో తాళంచెవులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయని గుత్తి మొత్తాన్ని చేతిరుమాల్లో చుట్టేసింది. కావలసిన ఒక్కదాన్ని మాత్రం బయటికి తీసి మెల్లగా తిప్పింది. తలుపు కిర్రుమనలేదు. పోయిన ఆదివారమే నాన్న చేత దానికి నూనె వేయించింది కదా మరి!

వెనక తమ్ముడు బుడత నిలబడ్డాడు. వాడు ఒకటో క్లాసు. చేతిలో బూట్లు పట్టుకున్నాడు. బూట్లు గుమ్మం బయటే విప్పేసి, పిల్లి అడుగులు వేసుకుంటూ లోపలికి రావాలి. అది రూలు. పెట్టింది అక్క.

బయట ఎండ కాస్తోంది. వీధిలో సైకిళ్లు తిరుగుతున్నాయి. కానీ ఆ ఇంట్లో మాత్రం అది అర్ధరాత్రి. ఎందుకంటే లోపలి గదిలో నాన్న నిద్రపోతున్నాడు.

నాన్న బేకరీలో పనిచేస్తాడు. బ్రెడ్లు, బన్నులు చేసే పని. పొద్దున్నే కొట్లో మెత్తటి బ్రెడ్డు ఉంటుంది కదా, అది దానంతటదే వచ్చి కూర్చోదు. మనమంతా ముసుగుతన్ని పడుకున్నప్పుడు ఎవరో ఒకరు పిండి కలిపి, ఓవెన్ ముందు చెమటలు కక్కుకుంటూ నిలబడితేనే వస్తుంది. వాళ్లకి మనం ఎప్పుడూ థాంక్స్ చెప్పం. చెబుదామన్నా, మనం లేచేసరికి వాళ్లు ఇంటికెళ్లి పడుకుని ఉంటారు.

పిచ్చుకకి అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు పొద్దస్తమానం కిచకిచమంటూ ఉండేదని నాన్న ఈ పేరు పెట్టాడు. ఇప్పుడు ఐదో క్లాసుకొచ్చింది. ఇప్పుడు ఆ పిచ్చుకే ఇంట్లో అందరి నోళ్లూ మూయిస్తోంది. "పేరుకీ పనికీ పొంతనే లేదు" అని అమ్మ నవ్వుతుంది.

అమ్మ కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఆరింటికి గానీ రాదు. బడి వదిలినప్పటి నుంచి అమ్మ వచ్చేదాకా ఇంటికి పెద్ద దిక్కు పిచ్చుకే.

ఆ వేళలో అక్కాతమ్ముళ్లు నోటితో మాట్లాడుకోరు. చేతులతోనే. పొట్ట మీద రెండు వేళ్లతో కొడితే ఆకలి. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు. రెండు వేళ్లు నడిచినట్టు ఆడిస్తే బయట ఆడుకోవడానికి పోతానని. చేతులు రెండూ పైకెత్తి విప్పితే నాన్న లేచాడని. ముక్కు గిల్లుకుంటే అక్కకి కోపం వచ్చిందని. ఈ చివరిది బుడత సొంతంగా కనిపెట్టాడు. దాని అర్థం పిచ్చుకకి తెలీదు. పాపం, తమ్ముడికి జలుబు ఎక్కువ అనుకుంటుంది.

గోడ అవతల ఇంట్లో టైలర్ పిన్ని ఉంటుంది. ఆవిడ కుట్టుమిషను ఒకప్పుడు సరిగ్గా నాన్న మంచం ఉన్న గోడకే ఆనుకుని ఉండేది. "పిన్నీ, కొంచెం అటు జరుపుకుంటారా?" అని పిచ్చుకే వెళ్లి అడిగింది. పిన్ని నవ్వి, మిషనును ఈ చివరి నుంచి ఆ చివరికి లాగించింది. అక్కడ వెలుతురు తక్కువ. అయినా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పిచ్చుక ఆవిడకి రోజూ స్కూలు నుంచి వస్తూ దణ్ణం పెట్టినంత పని చేస్తుంది.

ఇంతకీ పిచ్చుక ఇంత గట్టిగా ఎందుకు కాపలా కాస్తుందో చెప్పాలి.

కొన్నాళ్ల కిందట ఒక పొద్దున నాన్న చేతికి కట్టుతో వచ్చాడు. ఓవెన్లోంచి ట్రే తీస్తుంటే మోచేతి కింద కాలింది. అమ్మ ఆ కట్టు మారుస్తూ ఏడ్చింది. "ఏం చేస్తాం, సరిగ్గా నిద్ర లేదు" అన్నాడు నాన్న. తలుపు చాటున నిలబడి పిచ్చుక అంతా విన్నది. ఆ రోజే అనుకుంది, ఇక మీదట నాన్న నిద్ర మీద ఈగను కూడా వాలనివ్వకూడదని.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే బుడత బొమ్మ బస్సు చక్రం ఊడిందని రాగం తీశాడు. బతిమాలింది, ఆగలేదు. బెదిరించింది, ఆగలేదు. చివరికి చెవి దగ్గర నోరు పెట్టి గబగబా చెప్పేసింది:

"నిన్న కూడా నువ్విలాగే ఏడ్చి నాన్నని లేపావు. అందుకే నాన్న చెయ్యి కాలింది. మళ్లీ ఏడిస్తే మళ్లీ కాలుతుంది."

బుడత టక్కున ఆగిపోయాడు. కుళాయి కట్టేసినట్టు.

పిచ్చుక ఆ మాట అనేసి మరిచిపోయింది. అన్నవాళ్లు మరిచిపోవడం తేలిక. విన్నవాడు మరిచిపోలేదు.

ఆ రోజు నుంచీ బుడత ఏడవలేదు. పళ్లెం పగిలినా ఏడవలేదు. ఇంజక్షన్ వేయించినా ఏడవలేదు. "ఎంత బుద్ధిమంతుడో!" అని నర్సు మెచ్చుకుంది. అమ్మా మెచ్చుకుంది. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది పిచ్చుక.

ఇప్పుడు మళ్లీ ఈ మధ్యాహ్నానికి వద్దాం.

పిచ్చుక వంటింట్లో పాలు వెచ్చబెడుతోంది. గిన్నె మీద గరిట తగలకుండా కలుపుతోంది. ముందు గదిలో బుడత రంగు పెన్సిళ్ల కోసం ఇనుప బీరువా తలుపు తీశాడు. ఆ తలుపు బరువు. తీసి వదిలేస్తే దానంతటదే వెనక్కి వస్తుంది. వచ్చింది. వాడి కుడిచేతి చూపుడువేలు సందులో పడింది.

వాడు నోరు తెరిచాడు. అరుపు గొంతు దాకా వచ్చింది. లోపలి గది తలుపు వైపు చూశాడు. వెంటనే చొక్కా కాలరు నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికాడు. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. చప్పుడు మాత్రం రాలేదు.

పిచ్చుక పాల గ్లాసులతో వచ్చేసరికి వాడు గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. కుడిచెయ్యి చంకలో దాచుకున్నాడు. ఏంటని కళ్లతో అడిగింది. వాడు ఎడమచేతి బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. నీళ్లు. తెచ్చి ఇచ్చింది. బన్ను ఇస్తే వద్దన్నాడు. పాలు సగం తాగి పక్కన పెట్టాడు.

సోమరిపోతు వేషాలు అనుకుంది పిచ్చుక. కానీ ఆ సాయంత్రం ఇంట్లో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. అందుకని తమ్ముడి భుజం తట్టి, శభాష్ అని బొటనవేలు ఎత్తి చూపించింది. వాడు నవ్వడానికి ప్రయత్నించాడు.

ఆరింటికి అమ్మ వచ్చింది. లోపలి గది తలుపు తెరుచుకుంది. నాన్న ఆవలిస్తూ బయటికొచ్చాడు.

"గుడ్ మార్నింగ్!" అన్నారందరూ.

ఆ ఇంట్లో సాయంత్రమే తెల్లవారుతుంది. అమ్మకీ పిల్లలకీ రాత్రి భోజనం, నాన్నకి పొద్దుటి టిఫిను. అన్నీ ఒకే టేబుల్ మీద. నలుగురూ కలిసి కూర్చునేది ఆ ఒక్క పూటే. రోజంతా దాచిపెట్టుకున్న చప్పుళ్లన్నీ అప్పుడే బయటికొస్తాయి. గిన్నెలు మోగుతాయి, కుర్చీలు గీసుకుంటాయి, నాన్న పళ్లెం మీద స్పూనుతో తాళం వేస్తాడు.

"ఏంట్రా, ఎడంచేత్తో తింటున్నావు? కొత్త స్టైలా?" అన్నాడు నాన్న.

బుడత తల దించుకున్నాడు.

అమ్మ వాడి కుడిచెయ్యి టేబుల్ కింద నుంచి పైకి తీసింది. చూపుడువేలు రెండింతలు లావయింది. గోరు కింద వంకాయ రంగు.

"అయ్యో! ఎప్పుడైందిరా?"

"ఇందాక."

"ఇందాకంటే?"

"బడి నుంచి వచ్చాక. బీరువా తలుపు."

"అప్పటి నుంచీ ఇలాగే కూర్చున్నావా?" అంది అమ్మ. "అక్క పక్కనే ఉంది కదా నాన్నా, చెప్పకూడదూ?"

"చెబితే ఏడుపొచ్చేస్తుంది."

"వస్తే రానీ."

బుడత నాన్న మోచేతి వైపు చూశాడు. అక్కడ కాలిన మచ్చ ఇంకా నల్లగా మెరుస్తోంది.

"నేను ఏడిస్తే నాన్న చెయ్యి మళ్లీ కాలుతుంది" అన్నాడు.

స్పూను తాళం ఆగిపోయింది. పిచ్చుక నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"ఎవరు చెప్పార్రా నీకు అలాగని?" మెల్లగా అడిగాడు నాన్న.

బుడత అక్క వైపు చూడనైనా చూడలేదు. "ఎవరూ చెప్పలేదు. నాకే తెలుసు" అన్నాడు.

పిచ్చుకకి తెలుసు, వాడు చెప్పడు. వేలు నలిగినా నోరు విప్పనివాడు, అక్క మీద చాడీ చెబుతాడా? ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలీదు. కానీ వాడు తన కోసం అబద్ధం ఆడుతుంటే చూస్తూ కూర్చోలేకపోయింది. ఎలాగో ముద్ద మింగింది.

"నేనే చెప్పాను" అంది. "బస్సు చక్రం ఊడినప్పుడు. వాడు ఏడుపు ఆపట్లేదని..."

ముందు తమ్ముణ్ని చూస్తే దానికి ఏడుపొచ్చింది. తర్వాత తనని తాను తలుచుకుంటే ఏడుపొచ్చింది. నాన్న తిడితే బాగుండునని కూడా అనిపించింది.

నాన్న తిట్టలేదు. ముందు బుడతని ఎత్తుకుని వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఎముకకి ఏమీ కాలేదు. గోరు మాత్రం ఊడి కొత్తది వస్తుందన్నాడు డాక్టరు. తెల్లటి కట్టు కట్టి పంపించాడు.

ఇంటికొచ్చాక నాన్న ఇద్దర్నీ చెరో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు.

"ఇది ఎలా అయిందో చెప్పనా? వేడి ట్రే పట్టుకోవాలంటే పొడి గుడ్డ వాడాలి. తడిగుడ్డతో పట్టుకుంటే వేడి సర్రున పాకుతుంది. నేనేమో పక్కవాడితో కబుర్లాడుతూ తడిగుడ్డ పట్టుకున్నాను. చురుక్కుమంటే ట్రే జారి చేతికి తగిలింది. అంతే. దానికీ నీ ఏడుపుకీ సంబంధం లేదు. నా నిద్రకీ లేదు."

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదేంటి? నిద్ర లేక అయిందని కదూ చెప్పారు నాకు?"

నాన్న తల గోక్కున్నాడు. "కబుర్లు అంటే నువ్వు తిడతావని..."

"అయితే ఈ కథంతా మీ నుంచే మొదలైందన్నమాట!"

"అవును" అన్నాడు నాన్న బుద్ధిగా. "సారీ."

బుడత కిసుక్కున నవ్వాడు. నాన్నకి కూడా అమ్మంటే భయమని వాడికి ఆ రోజే తెలిసింది.

తర్వాత నాన్న పిచ్చుక తల నిమిరాడు. "తల్లీ, రోజూ మంచం మీద వాలగానే నేనేం అనుకుంటానో తెలుసా? బయట నా పిచ్చుక ఉంది, ఇక నాకు దిగుల్లేదు అనుకుంటాను. నీ వల్లే నాకు కంటినిండా నిద్ర. ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. కానీ నువ్వు నా నిద్రకి కాపలా కాయి. వీడు నా దగ్గరికి రాకుండా కాయకు."

పిచ్చుక తల ఊపింది. బుడత కట్టు వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేను చెప్పింది అబద్ధంరా. నువ్వు ఏడిస్తే ఎవరికీ ఏమీ కాదు. సారీ."

"సరే" అన్నాడు బుడత.

అక్కడితో అయిపోయిందని అనుకుంది పిచ్చుక. అవలేదు.

రెండు రోజుల తర్వాత వాడు మెట్ల మీద మోకాలు కొట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. కాలరు నోట్లో పెట్టుకున్నాడు.

"ఏడవచ్చురా!" అంది పిచ్చుక.

"ఊఁ" అన్నాడు వాడు. ఏడవలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పిచ్చుక అన్న మాట వాడి లోపలికి ఒక్క క్షణంలో వెళ్లిపోయింది. బయటికి రమ్మంటే మాత్రం రావడం లేదు. పిచ్చుకకి భయం వేసింది. ఇంక వాడు ఎప్పటికీ ఇలాగే ఉండిపోతే? దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా, ఎవరేమన్నా కాలరు కొరుక్కుంటూ కూర్చుంటే?

ఆ సాయంత్రం అమ్మ దగ్గరికి ఒక ఐడియాతో వెళ్లింది. "అమ్మా, మాకు ఆకలికి సైగ ఉంది, దాహానికి ఉంది. నొప్పికి లేదు. అందుకే వాడు చెప్పలేదు. గుండె మీద ఇలా రెండుసార్లు కొట్టుకుంటే నొప్పి అని పెట్టనా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. నీళ్లు కావాలంటే సైగ చాలు. నొప్పికి సైగ వద్దు. నోరుంది కదా."

"నోరు తెరవట్లేదే!"

"వాడు మన నోళ్లు తెరుచుకోవడం ఎప్పుడైనా చూశాడా?" అంది అమ్మ. అని తనే ఆగి, తన మాట గురించే ఆలోచిస్తున్నట్టు కొంచెంసేపు గరిట పట్టుకుని నిలబడింది.

ఆ రోజు గుడ్ మార్నింగ్ అయ్యాక, టేబుల్ దగ్గర అమ్మ ఉన్నట్టుండి చెప్పింది.

"ఇవాళ షాపులో ఒకాయన నా మీద గట్టిగా అరిచాడు. ఆయన కళ్లద్దాలు నేనే పోగొట్టానట. షాపంతా వెతికించాడు. తీరా చూస్తే అవి ఆయన నెత్తి మీదే ఉన్నాయి."

నాన్న పొలమారేలా నవ్వాడు. పిల్లలూ నవ్వారు.

"ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది" అంది అమ్మ. "అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. లోపలి గదిలోకెళ్లి ఏడ్చేశాను."

బుడత నవ్వు ఆపేశాడు. "నువ్వు ఏడ్చావా?"

"ఊఁ."

"గట్టిగానా?"

"కొంచెం గట్టిగానే."

బుడత ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఎవరి చెయ్యైనా కాలిందా?"

అమ్మ నవ్వలేదు. అది నవ్వే ప్రశ్న కాదని ఆమెకి తెలుసు.

"ఎవరికీ ఏమీ కాలేదురా. మా షాపులో ఇంకో అమ్మాయి ఉందే, ఆ అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు కూడా. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది నాకు. వచ్చేటప్పుడు థాంక్స్ చెప్పి వచ్చాను."

"నాకు మొన్న భయమేసింది" అన్నాడు నాన్న, బ్రెడ్డు ముక్క నములుతూ. "ఒక బ్యాచ్ మొత్తం మాడిపోయింది. ఓనరు ఏమంటాడోనని కాళ్లు వణికాయి."

"ఏమన్నాడు?" అంది పిచ్చుక.

"మాడినవాటిల్లో కొంచెం మంచివి చూసి టీలో ముంచుకు తిన్నాడు."

ఆ తర్వాత ఆ ఇంట్లో అదొక అలవాటైంది. ఒకరోజు అమ్మ కోపం, ఒకరోజు నాన్న బెంగ. ఒకరోజు పిచ్చుక కూడా చెప్పింది, క్లాసులో జవాబు తప్పు చెబితే అందరూ నవ్వారని, చచ్చేంత సిగ్గేసిందని. చెప్పాక దానికి ఎంత తేలికైందంటే రెండోసారి వడ్డించుకుని తింది. బుడత మాత్రం అందరి మాటలూ చెవులు రిక్కించి వినేవాడు. తన వంతు వస్తే, "నాకేం లేదు" అనేవాడు.

ఎవరూ వాణ్ని తొందరపెట్టలేదు.

ఒకరోజు పొద్దున బడికి బయలుదేరుతుంటే అమ్మ చెప్పింది. "పిచ్చుకా, ఇవాళ నాన్న మామూలు కంటే ముందే పనికి వెళ్లాలి. ఏదో హాస్టలుకి పెద్ద ఆర్డరట. ఇవాళ ఆయన నిద్ర చెడకూడదు. జాగ్రత్త."

"నేనున్నాగా!" అంది పిచ్చుక.

మధ్యాహ్నం బడి నుంచి వస్తున్నంతసేపూ బుడత నేల చూపులు చూశాడు. ఇంట్లోకి రాగానే సంచీ పడేసి భోజనాల టేబుల్ కిందికి దూరాడు. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కాలరు నోట్లోకి వెళ్లింది.

పిచ్చుక వంగి చూసింది. గుసగుసగా అడిగింది. "ఏమైందిరా?"

"ఏం లేదు."

పాలు వెచ్చబెట్టాలి. హోంవర్కు ఉంది. అయినా పిచ్చుక సంచీ పక్కన పెట్టి తనూ టేబుల్ కిందికి దూరింది. వాడి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటం దానికి ఎంత కష్టమో దాని పేరు తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు.

చాలాసేపటికి బుడత కాలరు వదిలాడు.

"వాడు ఇవాళ నా పక్కన కూర్చోలేదక్కా."

వాడంటే ఎవరో పిచ్చుకకి తెలుసు. బుడతకి బడిలో ఉన్నది ఒకే ఒక్క స్నేహితుడు. బడి తెరిచిన రోజు నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ.

"వేరేవాడి పక్కన కూర్చున్నాడు. నేను... నేను వాడి కోసం చోటు పెట్టాను. సంచీ కూడా తీసేశాను. అయినా..."

వాడి కింది పెదవి వణికింది. ముఖమంతా ముడుచుకుపోయింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. ముందు చిన్నగా, ఎక్కిళ్లతో. ఆ మీదట బావురుమన్నాడు. బస్సు చక్రం నాటి ఏడుపు, ఇంజక్షన్ ఏడుపు, బీరువా తలుపు ఏడుపు, అన్నీ కలిపి ఒక్కసారిగా ఏడ్చాడు. గోడ అవతల టైలర్ పిన్ని మిషను ఆగిపోయింది.

పిచ్చుక చెయ్యి అలవాటు కొద్దీ వాడి నోటి మీదికి వెళ్లింది. ఇవాళ పెద్ద ఆర్డరు. ఇవాళ నిద్ర చెడకూడదు. అమ్మ మరీ మరీ చెప్పింది.

చెయ్యి సగంలో ఆగింది. అక్కడి నుంచి వాడి వీపు మీదికి వెళ్లింది.

"ఏడువు" అంది పిచ్చుక. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో. "నేనిక్కడే ఉన్నా."

వాడు ఏడ్చాడు. ఏడుస్తూ, ఏడుస్తూ, "నాన్న కావాలి" అన్నాడు.

పిచ్చుక లోపలి గది తలుపు వైపు చూసింది. ఆ తలుపు దాకా ఒక్క చప్పుడు పోకుండా అది ఇన్నాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. ఇప్పుడు తనే వెళ్లి కొట్టాలా? నాన్న కళ్లు మండుతాయి. రాత్రంతా నిలబడాలి. ఆ ఓవెన్ గుర్తొచ్చి అక్కడే కూర్చుండిపోయింది.

"నాన్న కావాలి" అన్నాడు బుడత మళ్లీ.

పిచ్చుక టేబుల్ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చింది. తలుపు కొట్టింది. జవాబు లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. లోపలికి వెళ్లి నాన్న భుజం పట్టుకుని కుదిపింది.

"నాన్నా, లే. తమ్ముడు ఏడుస్తున్నాడు. నువ్వు కావాలట."

నాన్న కళ్లు తెరిచాడు. ఒక్క క్షణం ఏమీ అర్థం కానట్టు చూశాడు. అవతలి గదిలోంచి వస్తున్న ఏడుపు విన్నాడు. దుప్పటి తోసేసి లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

టేబుల్ కిందికి దూరబోతే ఆయన తల ఠక్కున టేబుల్ అంచుకి కొట్టుకుంది.

"అబ్బా! చచ్చాన్రా!" అని అరిచాడు నాన్న.

బుడత ఏడుపులోనే నవ్వాడు. నవ్వులోనే మళ్లీ ఏడ్చాడు. నాన్న పొడుగు కాళ్లు ముడుచుకుని వాడి పక్కన ఇరుక్కున్నాడు. బుడత మొదటి నుంచీ అంతా చెప్పాడు. నాన్న మధ్యలో అడ్డురాలేదు. రేపు ఇంకో స్నేహితుణ్ని చూసుకో అనలేదు. ఇంత చిన్నదానికా అని కూడా అనలేదు.

"చోటు పెట్టినా రాలేదా?" అన్నాడు చివరికి.

"రాలేదు."

"నాకైతే చాలా బాధేసేది."

"నాకూ వేసింది" అన్నాడు బుడత. ఆ మాట వాడి నోటి నుంచి రావడం అదే మొదలు.

పిచ్చుక టేబుల్ బయట నిలబడి వేళ్లు నలుపుకుంటోంది. "సారీ నాన్నా. ఇవాళ పెద్ద ఆర్డరని అమ్మ చెప్పింది. అయినా లేపేశాను."

నాన్న చెయ్యి చాపి దాన్ని కూడా కిందికి లాగాడు. ముగ్గురూ ఇరుకిరుగ్గా సర్దుకున్నారు.

"నిద్ర ఇప్పుడు చెడితే ఇంకో గంటాగి పడుకోవచ్చమ్మా. వీడు మనసు విప్పిన ఈ పూట పోతే మళ్లీ నాకెక్కడ దొరుకుతుంది? లేపినందుకు థాంక్స్ తల్లీ." అన్నాడు నాన్న. "నిజంగా చెబుతున్నా. చాలా థాంక్స్."

పిచ్చుక నాన్న భుజానికి తల ఆనించింది. మంచి నాన్న దొరికాడని, మంచి తమ్ముడు దొరికాడని దానికి అప్పుడు గట్టిగా అనిపించింది.

బుడత ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆ వేరేవాడు ఎవరో, వాడి వాటర్ బాటిల్ ఏ రంగో, టీచర్ ఏమందో, అన్నీ. ఇన్నాళ్లు దాచుకున్నవన్నీ వరస పెట్టి వస్తున్నాయి. మొన్న నర్సు వేసిన ఇంజక్షన్ ఎంత నొప్పి పెట్టిందో కూడా చెప్పాడు.

కాసేపటికి పిచ్చుకకి గుర్రు వినిపించింది. తిరిగి చూసింది. నాన్న గోడకి తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. నిద్ర సుఖమెరుగదని ఊరికే అన్నారా!

పిచ్చుక మెల్లగా లేచి లోపలి నుంచి దిండు తెచ్చి ఆయన తల వెనక పెట్టింది. దుప్పటి కప్పింది. వచ్చి మళ్లీ తమ్ముడి పక్కన కూర్చుంది.

"తర్వాత ఏమైంది?" అని అడిగింది.

బుడత చెప్పాడు. గొంతు తగ్గించలేదు. పిచ్చుక తగ్గించమనలేదు.